అనుమానం మీద నడిచిన మీటరు

సాయంత్రం కరెంటు పోగానే నాగలక్ష్మమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. కూతురు హారతి రెండు వైర్లు తెచ్చి ఎర్రది కుడిచేతిలో, నల్లది ఎడమచేతిలో పెట్టేది. ఆమె కళ్లు మూసుకుని ఎవరినో ఒకరిని అనుమానించేది. ఇంట్లో దీపాలు వెలిగేవి.

యశ్వంతనగర్‌లో ఏ ఇంట్లోనైనా అంతే. కొండలు ఇనుపరాయిగా మారి, లారీలెక్కి రేవులకి పోతున్న ఏళ్లవి. అనుమానానికి కొరత లేదు. నాగలక్ష్మమ్మ పాలవాణ్ణి తలుచుకుంటే ట్యూబ్‌లైటు వెలిగేది, తోడికోడలిని తలుచుకుంటే ఫ్యాను కూడా తిరిగేది. తన లారీ డ్రైవరు మారెన్నను తలుచుకుంటే మాత్రం మిక్సీ సైతం తిరిగేది. అందుకని చట్నీ ఆ టైముకే రుబ్బుకునేవాళ్లు.

హారతికి ఇదంతా కంపరంగా ఉండేది. బళ్లారి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. చెడిపోయిన రేడియోలు, కాలిపోయిన స్టెబిలైజర్లు విప్పి కొత్తవి కట్టడం ఆమెకు పిచ్చి. కాలేజీలో కూలీల హక్కుల మీద మాట్లాడి రెండుసార్లు మొదటి బహుమతి తెచ్చుకుంది. వైర్లు అమ్మ చేతికిచ్చేదే కానీ, తను ఎన్నడూ పట్టుకోలేదు. "నాలో అది లేదు" అనేది, మెడ కొంచెం పైకెత్తి.

పదిహేను రోజులుగా నాగలక్ష్మమ్మ మిక్సీ మరీ జోరుగా తిరుగుతోంది.

"డీజిలు పోతాండాది పాపా. దినానికి నాలుగేళ్లు."

నాలుగేళ్లంటే నాలుగు వేళ్ల లోతు. లారీలో డీజిలు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. లారీ ఇంటికొచ్చాక ఆమె వెదురు కర్ర ఒకటి ట్యాంకులోకి దించి, తడిసినంత మేర వేళ్లతో కొలిచేది. పెళ్లైన నాటినుంచి గాదెలో జొన్నల్ని కొలిచింది ఆ కర్రతోనే. అది తప్పు చెప్తుందని ఆమెకు కలలో కూడా తోచదు.

"మీ మామతో మాట్లాడినా. ఈ పొద్దు ఆరు గంటలకి స్టేషన్ మనిషిని పిల్చకొస్తాడు."

"పదమూడేళ్లుగా మన బండి తోల్తాండాడుమా ఆయప్ప! కర్ర మాట నమ్మి మనిషిని జైలుకి పంపిస్తావా?"

"కర్ర యాడన్నా దొంగతనం చేస్తాదా?"

హారతి పాత సామాన్ల పెట్టె ముందరేసుకుంది. మధ్యాహ్నమంతా కూర్చుని మీటరు కట్టింది. కూలరులో నీళ్ల మీద తేలే బంతి, దానికో కడ్డీ, కడ్డీ చివర పాత టేప్‌రికార్డరు వాల్యూం బిళ్ల. చూసుకోవడానికి స్టెబిలైజరులోని ముల్లు, పక్కన చిన్న ఎర్ర దీపం. లారీ రాగానే ట్యాంకు నడిమధ్యన పాత ముల్లు ఉండిన బెజ్జంలోంచి బంతిని లోపలికి దించింది. మారెన్న పక్కన నిలబడి, తువ్వాలతో మొహం మీది ఎర్రమన్ను తుడుచుకుంటూ చూశాడు.

వరండాలోని వైర్లు తెచ్చి మీటరుకి తగిలించి, "వైర్లు పట్టుకోమా" అంది తల్లితో.

నాగలక్ష్మమ్మ పట్టుకుంది. ముల్లు లేచి, సగం దాటి నిలిచింది.

"చూసినావా? సగానికి పైనే ఉండాది."

తల్లి మొహంలో బిగువు కొంచెం సడలింది. సడలగానే ముల్లు కిందికి జారింది.

"అయ్యో, పోతాండాది! కళ్లముందరే తీస్తాండాడు!"

ముల్లు మళ్లీ పైకి ఎగిరింది. అది చూసి ఆమె కుదుటపడింది. ముల్లు పడిపోయింది. ఊయల ఊగినట్టు పైకీ కిందికీ ఊగుతూనే ఉంది. మారెన్న రెండు చేతులూ కట్టుకుని లారీకి ఆనుకున్నాడు.

హారతికి అర్థమై తల కొట్టుకుంది. మీటరుకి కరెంటిచ్చేదీ అమ్మే, మీటరు చూసేదీ అమ్మే. నమ్మితే కరెంటు పోతుంది, కరెంటు పోతే నమ్మకం పోతుంది. "వదిలేయ్, ఇట్లా ఇవ్వు" అని వైర్లు లాక్కుంది, విప్పి పక్కన పెడదామని.

ఆమె గుప్పిట్లోకి రాగానే ఎర్రదీపం వెలిగింది.

పెద్దగా కాదు, మిణుగురంత. కానీ వెలిగింది. హారతి చెవులు వేడెక్కాయి. బహుమతులు తెచ్చిన చేతులు, వైర్లని వెనక్కి దాచబోయాయి. మారెన్న ఆ దీపాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"నా చేతికియ్యి పాపా."

"నీకెందుకప్పా?" అంది నాగలక్ష్మమ్మ. పదమూడేళ్లలో అతను ఆ వైర్లు ముట్టలేదు. వరండా మెట్టు ఎక్కే పనే పడలేదు.

అతను వైర్లు తీసుకున్నాడు.

ట్యూబ్‌లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. వేసవినుంచి మూగబోయిన ఫ్రిజ్జు గుర్రుమంది. ఎదురింట్లో సుందరమ్మ టీవీ మోగింది. "కరెంటొచ్చె!" అని కేకేసిందామె సంబరంగా. మీటరు ముల్లు మాత్రం సగం దాటి, బండలో దిగ్గొట్టిన మేకులా నిలిచింది.

నాగలక్ష్మమ్మ నోరు తెరుచుకునే ఉంది. "ఇంత అనుమానమా! ఎవరి మీదప్పా?"

"సుమ్నె ఉండమ్మా, మాటలొద్దు. ముల్లు చూడు" అన్నాడు మారెన్న.

హారతి చూసింది. వాకిలి ఇంటినుంచి రోడ్డుకి ఏటవాలు. లారీ ఇప్పుడు మూతి రోడ్డువైపు పెట్టి, కిందికి వంగి ఉంది. కర్ర దించే మూత ట్యాంకు వెనక కొసన ఉంది. ఆమె బుర్రలో ఏదో కదిలింది.

"మారెన్నా, పోయిన నెల దాకా బండిని మూతి ఇంటిపక్కకే పెడతాంటివి కదా?"

"సెల్ఫు పట్టడంలా పాపా. మూతి పల్లానికి పెడితే పొద్దున బ్రేకు వదిలితే చాలు, దొర్లి స్టార్టయితాది. బ్యాటరీ మార్చమని అడిగి అడిగి నోరు నొచ్చె."

"ఒకసారి తిప్పి పెట్టు."

వైర్లు వేళ్ల మధ్య అట్లే ఇరికించుకుని, మీటరుని కిటికీలో పెట్టుకుని అతను సీటెక్కాడు. లారీ దొర్లి, దగ్గి, ఊపందుకుని, రోడ్డు మీద తిరిగొచ్చి మూతి ఇంటికి పెట్టి నిలిచింది. ముల్లు కదల్లేదు. హారతి కర్ర దించింది. ఇందాకటికన్నా నాలుగు వేళ్లు ఎక్కువ తడిసింది.

"పల్లానికి పెడితే డీజిలు ముందుకి పోతాది. మూతకాడ తక్కువగా కనపడ్తాది. అంతేమా. దొంగ లేదు, ఏమీ లేదు. గాదెలో జొన్నలు కొలిచే కర్ర పెట్టి మనిషిని కొలిచినావు."

నాగలక్ష్మమ్మ కర్ర తీసుకుని గోడకి ఆనించింది. తర్వాత సెల్లు తీసి తమ్ముడికి చేసింది. "రావద్దులేప్పా. ఏం లే. రావద్దంటే రావద్దు." పెట్టేసి, గొంతు సవరించుకుంది. "మారెన్నా, పొద్దున్నే దోణిమలై గనిలో లోడుండాది. బ్యాటరీ కూడా మార్పిస్తాలే."

అతను లారీ తాళాలు తెచ్చి మెట్టు మీద పెట్టాడు.

"ఇంకో డ్రైవర్ని చూసుకోమ్మా."

"తేలిపోయె కదప్పా, నీ తప్పు లేదని!"

"మీది తేలిపోయె. నాది తేలలా." హారతి వైపు తిరిగాడు. "ఈ వైర్లు తీసకపోతాండా."

అతను గేటు దాటగానే ఇల్లు చీకటైంది. నాగలక్ష్మమ్మ వేరే వైర్లు తెప్పించుకుని, కళ్లు మూసుకుని ఎంతమందినో తలుచుకుంది. ఎవరి మీదా అనుమానం పుట్టలేదు, దీపమూ వెలగలేదు.

పదిరోజుల తర్వాత లారీలు బారులు తీరే మలుపులో టార్పాలిన్ పందిరి ఒకటి లేచింది. కింద చెక్కబల్ల, దాని మీద సెల్‌ఫోన్లు వరసగా చార్జింగుకి. మారెన్న వైర్లు పట్టుకుని కూర్చుంటే బల్లంతా ఫోన్లతో నిండేది. అతను భోజనానికి లేస్తే భార్య హుసేనమ్మ వైర్లు పట్టుకునేది. ఆమెది ఇంకా బలం. అప్పటికే మూడు ఫోన్లు కాలిపోయాయి. ఆమె వంతులో ఫోన్లు పెట్టాలంటే డ్రైవర్లు జంకుతున్నారు.

హారతి సంచీ భుజానికేసుకుని వచ్చి పందిరి బయట నిలబడింది.

"కరెంటు ఒకే తీరుగా రాక కాలిపోతాండాయి. మధ్యలో రెగ్యులేటరు కట్టిస్తా."

మారెన్న తలెత్తాడు. "ఎందుకు?"

బల్ల మీది ఫోన్లన్నీ ఒక్కసారి తళుక్కుమన్నాయి. హుసేనమ్మ గబగబా రెండు పీకేసింది.

హారతి దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. సమానత్వం మీద ఒకటి, న్యాయం మీద ఒకటి. వాటిని మింగేసింది.

"ఆ దినం నా చేతిలో దీపం వెలిగె."

"చూసినాలే."

లారీ ఒకటి ముందుకి కదిలింది. దాని దుమ్ము వచ్చి ముగ్గురి మీదా పడింది. హుసేనమ్మ కాలితో స్టూలు ఒకటి ముందుకి తోసింది.

హారతి కూర్చుని సోల్డరింగ్ కడ్డీ తీసి, దాని వైరుని బల్ల మీది ప్లగ్గుకి తగిలించింది. మారెన్న ఆమె చేతుల మీంచి చూపు తిప్పుకోలేదు. వెలుగు పిసరంతైనా తగ్గలేదు. ఆ అనుమానానికే కడ్డీ మొన మెల్లగా వేడెక్కి పొగ లేచింది. ఆమె వంగి మొదటి టంకం వేసింది.