లవంగాల బుడ్డి

మూడింటికి అతిథులు వస్తారంటే ఒంటిగంటకల్లా చీజులు ఫ్రిజ్‌లోంచి బయటికి రావాలి. చలి వదలందే చీజ్ నోరు విప్పదు. ఈ మాట డగ్లస్ ఏక్‌హర్స్ట్‌దని లూయిస్ అనే ఊరి చుట్టుపక్కల వైన్ తాగేవాళ్ళంతా అనుకుంటారు. ఊరి పత్రికలో నెలనెలా అతను రాసే వ్యాసంలో రెండుసార్లు అచ్చయింది కూడా. నిజానికి అది అతని భార్య మెరియల్ మాట. అంతకుముందు మెరియల్ నాన్న మాట. ఆయన సోమర్‌సెట్‌లో ఒక ఫారంలో నలభై ఏళ్ళు చెడ్డార్ చీజ్ చేశాడు గానీ ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు.

మెరియల్ నాలుగు చీజులకూ కాగితాలు విప్పి చెక్కపలక మీద పెట్టింది. తెల్లటి మేకపాల చీజ్, ముదిరిన చెడ్డార్, నారింజరంగు తొక్కతో జిగురుగా ఉన్న మెత్తటి చీజ్, చివర్న నీలి బూజు చారల స్టిల్టన్. మేకపాలదానికి బాకస్ అనే తెల్ల వైన్, చెడ్డార్‌కు సుద్దకొండల మీద పండిన ద్రాక్షతో చేసిన నురగ వైన్, జిగురుదానికి పినో నువార్ అనే ఎర్ర వైన్, స్టిల్టన్‌కు తియ్యటిది. అన్నీ ఇంగ్లండ్‌లోనే పుట్టినవి. నెలకో ఆదివారం వైన్ క్లబ్బు కోసం ఈ ఇంట్లో జరిగే పెళ్ళిళ్ళు ఇవి. జాతకాలు కలిపేది మెరియల్, అక్షింతలు వేయించుకునేది డగ్లస్.

పలక సర్దాక ఆమె నాలుగు సీసాల మూతలూ తీసి ఒక్కొక్కదాని మీదా వంగి వాసన చూసింది. ఖాళీ ఇంటి తలుపు తట్టినట్టుంది. రెండేళ్ళుగా అంతే.

రెండు చలికాలాల కిందట జ్వరమూ దగ్గూ వచ్చి వారంలో తగ్గాయి. తగ్గిన మర్నాడు ఆమె వంటింట్లో రొట్టెలు కాలుస్తుంటే డగ్లస్ పైనుంచి పరిగెత్తుకుంటూ దిగాడు. "ఇల్లంతా మాడుకంపు కొడుతోంది! పక్కనే నిలబడి ఏం చేస్తున్నావు?" అన్నాడు. అప్పుడు తెలిసింది ఆమెకు. ఆ సాయంత్రం అతను గ్లాసులు తుడుచుకుంటుంటే చెప్పింది, నాకు వాసన పోయింది డగ్లస్ అని. అతను గ్లాసును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తూ, "జలుబు. అదే తిరిగొస్తుందిలే. క్లబ్బువాళ్ళకు మాత్రం చెప్పకు, అనవసరంగా కంగారుపడతారు" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆమె చెప్పకపోవడంతో క్లబ్బువాళ్ళు కంగారుపడలేదు. మళ్ళీ చెప్పకపోవడంతో అతను కూడా మరిచిపోయాడు.

మరిచిపోవడానికి వీలుగానే నడిచింది మరి. ఏ నెలా జోడీ తప్పలేదు. తప్పకపోవడానికి కారణం ఆమె జ్ఞాపకం. బాకస్‌లో ఎల్డర్ పూలూ కోసిన గడ్డీ ఉంటాయని జ్ఞాపకం, తాజా మేకపాల పులుపుకు ఆ గడ్డి ఎలా సరిపడుతుందో జ్ఞాపకం. నోట్లో ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, మెత్తదనం తెలుస్తుంది. మిగతాదంతా పాత సరుకు. అవే మాటలు చీటీ మీద రాసి అతని చేతికిస్తే, అతను కళ్ళు సగం మూసి అతిథుల ముందు వాటిని ఒక్కొక్కటిగా కనిపెట్టేవాడు.

ఆమె ముక్కు గురించి ఈ కుటుంబంలో ఒకప్పుడు చాలా మాటలు నడిచాయి. పెళ్ళయిన కొత్తల్లో ఆదివారం భోజనానికి అత్తగారింటికి వెళితే, బల్ల మీదికొచ్చిన చేప నిన్నటిదని మెరియల్ నోరుజారి అనేసింది. నిన్నటిదే. అత్తగారు రుమాలుతో పెదవులు అద్దుకుని, "పాలఫారం పిల్లవి కదూ, ఏది చెడిందో పసిగట్టడం నీకు వచ్చు. అది పనివాళ్ళకు ఉండాల్సిన గుణమే. రుచి వేరమ్మా. రుచి మా డగ్లస్‌కు ఉంది" అంది. అందరూ నవ్వారు, డగ్లస్ కూడా నవ్వాడు. ఆ రుచిగల డగ్లస్ ఆ చేపను రెండోసారి వడ్డించుకున్నాడు. ఇది మాత్రం ఎవరూ గమనించలేదు.

నాన్న ఒక్కడే ఆ ముక్కును ముద్దు చేసినవాడు. ఏడెనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆమెను పీపా మీద నిలబెట్టి, సన్నటి ఇనుప గొట్టాన్ని చీజ్ దిమ్మలోకి దింపి, లోపలి గుజ్జును బయటికి లాగి ఆమె ముక్కు కింద పెట్టేవాడు. "చెప్పు బంగారం, ఏమంటోంది ఇది?" తడిగడ్డి అంటోంది నాన్నా. ఉల్లిపాయ అంటోంది. ఇంకా నిద్ర లేవలేదంటోంది. ఆయన తలూపి గుజ్జును మళ్ళీ బెజ్జంలోకి నొక్కి, పైన వేలితో అలికేసేవాడు. ఆయన పోయాక తెచ్చుకున్న ఉన్నికోటు బీరువాలో వేలాడుతోంది. పదకొండేళ్ళు ఆ కాలర్‌లో పాలవిరుగుడూ పొగాకూ మిగిలే ఉన్నాయి. దిగులేసినప్పుడు వెళ్ళి అందులో ముఖం పెట్టుకునేది. ఇప్పుడు అది ఒట్టి కోటు. చెడ్డార్ పోతే పోయింది, వైన్ పోతే పోయింది, నాన్న రెండోసారి పోయాడన్నదే ఆమె ఏడుపు. ఆ ఏడుపు ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు.

ఆసుపత్రిలో నర్సు మాత్రం ఆశ వదలొద్దంది. నాలుగు చిన్న గాజు బుడ్డీలు ఇచ్చింది. లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం. రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని ఆ వాసనను తలుచుకుంటూ పీల్చాలి. నెలల తరబడి చెయ్యాలి, ఆపకూడదు. మెరియల్ వాటిని వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుంది. నాలుగో రోజు డగ్లస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమిటీ ఘాటు? వైన్ రుచి చూసే ఇంట్లో లవంగాలా? నేను క్షవరం చేసుకున్నాక అత్తరు కూడా పూసుకోనే!" ఆ మాట నిజమే. రుచి చూసే రోజున వచ్చే అతిథులు కూడా అత్తరు పూసుకోరు, గదిలో గులాబీ కొమ్మ కూడా పెట్టరు. అది ఆ క్లబ్బు నియమం. సాయంత్రానికి నాలుగు బుడ్డీలూ తోటసామాన్ల గదిలో, గడ్డికోసే యంత్రం పక్కన అలమరలోకి చేరాయి. కొన్నాళ్ళు ఆమె పొద్దున్నే చలిలో అక్కడికి వెళ్ళి పీల్చింది. తర్వాత అత్తగారి ఆఖరి జబ్బు, ఆ సేవ, ఇంటికి రంగులు. ఆపకూడదన్నది ఆగిపోయింది.

ఇవాళ నాలుగు సీసాలూ వాసన చూశాక మెరియల్ మెట్ల దగ్గరికెళ్ళి పైకి కేకేసింది. "డగ్లస్, ఆ ఎర్రది మనకు కొత్త. ఒకసారి నువ్వూ చూడు."

"నువ్వు చూశావుగా?"

"చూశాను. కానీ నాకు—"

"చూశాక ఇంకేం మరి! నా నీలం కోటు ఎక్కడ పెట్టావ్?"

ఆమె నీలం కోటు వెతికి ఇచ్చింది.

మూడింటికి ఫెన్నర్ దంపతులూ ప్రూడెన్స్ టిక్నరూ వచ్చారు. బేసిల్ ఫెన్నర్ హాస్యాలాడే మనిషి, అతని భార్య వాటికి నవ్వే మనిషి. ప్రూడెన్స్‌కు డెబ్భై నాలుగేళ్ళు. భర్త పోయాక పాతికేళ్ళు ఒంటరిగా వైన్ దుకాణం నడిపి ఈమధ్యే మూసేసింది. క్లబ్బుకు ఇదే మొదటిసారి రావడం. తోటలో ఆపిల్ చెట్టు నీడన బల్ల వేశారు. బాకస్, మేకపాల చీజ్ బాగా కుదిరాయి. "నాలుక కాదయ్యా అది, సంగీతం!" అన్నాడు బేసిల్. డగ్లస్ వినయంగా తల వంచాడు. నురగ వైన్, చెడ్డార్ కూడా కుదిరాయి. మెరియల్ ఖాళీ గ్లాసులు తీసి కొత్తవి పెట్టింది.

పినో నువార్ పోశాడు డగ్లస్. గ్లాసు తిప్పాడు, ముక్కు లోపల పెట్టాడు, కళ్ళు సగం మూశాడు. చీటీలో మెరియల్ ఇలాంటి ఎర్ర వైన్లకు ఎప్పుడూ రాసే మాటే రాసింది: అడవి నేల. అతను ఆ మాట అందుకున్నాడు. "ఆహా. అడవి నేల. వానకు తడిసిన ఆకులు. కాస్త పాత నేలమాళిగ కూడా ఉంది చూడండి. ఎంత లోతు! జిగురు చీజ్‌కు ఈ లోతే కావాలి, అందుకే వీటిని కలిపాను."

ఫెన్నర్ దంపతులు అడవి నేల వెతుక్కుంటూ తాగారు. ప్రూడెన్స్ ఒకసారి వాసన చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"డగ్లస్ నాయనా, ఇది అడవీ కాదు నేలమాళిగా కాదు. కార్కు బిరడా బూజుపట్టి వైన్ చెడిపోయిన సీసా. తడిసిన గోనెసంచి కంపు కొడుతోంది. నా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే పిల్ల కూడా పట్టేసేది."

బేసిల్ మింగబోయింది మింగలేక గ్లాసులోకే వదిలాడు. డగ్లస్ చెవులు ఎర్రబడ్డాయి. అతను మళ్ళీ వాసన చూశాడు, ఇంకోసారి చూశాడు. తర్వాత మెరియల్ వైపు తిరిగి, పరాయివాళ్ళ ముందు వాడే తియ్యటి గొంతుతో అన్నాడు:

"డార్లింగ్, సీసాలు తెరిచింది నువ్వే కదా. వాసన చూడలేదా? జోడీలన్నీ నువ్వే చేస్తావు, ఇవాళ ధ్యాస ఎక్కడ పెట్టావు?"

క్లబ్బు నడిచిన పదకొండేళ్ళలో ఆ జోడీలు తనవని అతని నోట వినడం అదే మొదటిసారి. తప్పు జరిగిన రోజున విన్నది. మెరియల్‌కు కోపం రావలసింది గానీ రాలేదు.

"చూశాను డగ్లస్. నాకేమీ రాలేదు. రెండేళ్ళ నుంచీ ఏమీ రావడంలేదు. నీకు చెప్పాను."

బేసిల్ ఊరుకోలేక, "మరి మొన్న ఈస్టర్‌కు ఆ పొగచీజ్ జోడీ? క్రిస్మస్‌కు ఆ—" అన్నాడు.

"జ్ఞాపకం మీద చేశాను."

"అమ్మా, నా తల్లీ," అంది ప్రూడెన్స్ మెల్లగా. "అంటే ఈ ఇంట్లో ఉన్న ఒక్క ముక్కూ..." ఆ మాట ఆమె పూర్తి చెయ్యలేదు. అవసరం లేకపోయింది.

డగ్లస్ నవ్వబోయాడు. "ఇంత పెద్ద విషయమైతే సరిగ్గా కూర్చోబెట్టి చెప్పాలి కదా, ఏదో మాటల మధ్య అంటే ఎలా? సరేలే. వచ్చేనెల పెద్ద క్లబ్బువాళ్ళు ముప్పైమంది వస్తున్నారు, దానికేం చెయ్యాలో ఆలోచిద్దాం. ముందు నువ్వెళ్ళి ఓట్ బిస్కెట్లు ఇంకొన్ని పట్రా, నేను వేరే సీసా తెరుస్తాను."

వచ్చేనెలకు ఏం చెయ్యాలి. అదీ అతను అడిగింది. రెండేళ్ళుగా రొట్టె ఒట్టి దూదిగా, వాన ఒట్టి తడిగా, నాన్న కోటు ఒట్టి గుడ్డగా ఎలా బతికావే అని అడగలేదు. అడుగుతాడని ఆమె ఇంకా ఎక్కడో కాచుకుని ఉందని ఆ క్షణం దాకా ఆమెకే తెలియదు.

మెరియల్ లేచింది. బిస్కెట్లకే అనుకున్నారందరూ. ఆమె వంటింటి వైపు తిరగకుండా గడ్డి మీదుగా తోటసామాన్ల గదికి నడిచింది. అలమరలో సాలెగూళ్ళ వెనక నాలుగు బుడ్డీలూ పెట్టినచోటే ఉన్నాయి. వంట ఏప్రన్ అంచుతో తుడిచి, అందులోనే వేసుకుని తీసుకొచ్చింది. గ్లాసులు పక్కకు జరిపి, స్టిల్టన్‌కూ తియ్యటి వైన్‌కూ మధ్య వరసగా పెట్టి, తన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఆమె కూర్చోవడం అదే మొదలు. లవంగాల బుడ్డి మూత తీసింది.

"మెరియల్! వైన్ బల్ల మీదా?" అన్నాడు డగ్లస్. "ఇంకా రెండు వైన్లు మిగిలున్నాయి!"

"నువ్వు కానివ్వు," అంది ఆమె. "నాకు ఆలస్యమైంది."

కళ్ళు మూసుకుని, నర్సు చెప్పినట్టే మెల్లగా పీల్చింది. ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చింది. పీపా మీద నిలబడ్డ పిల్లను తలుచుకుంది, చెప్పు బంగారం అనే గొంతును తలుచుకుంది. ఏమీ రాలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా డగ్లస్ రుమాలుతో ముక్కు మూసుకుని ఉన్నాడు. లవంగం ఘాటు ఇంకా చావలేదని ఆ రుమాలు చూసి తెలుసుకున్న మెరియల్, నిమ్మ బుడ్డి అందుకుంది.