ఊపిరి మగ్గం

కుంఠా నాకాలో తెల్లారేసరికే పవర్‌లూమ్‌ల మోత మొదలవుతుంది. అంత మోతలోనూ సిద్ధరాములు ఇంటి చేతిమగ్గం చప్పుడు వీధికంతా తెలుస్తుంది. నేసేవాళ్లు లేక ఏనాడో మూలపడ్డ మగ్గమది. ఇంట్లో బిడ్డ పుడితే మాత్రం తనంతట తనే ఆడుతుంది, ఆ బిడ్డ ఊపిరికొక దెబ్బ చొప్పున. చప్పుడు వినబడితే "పిల్ల మంచిగుంది" అనుకుని ఎవరి పనికి వాళ్లు పోతారు.

ఆశా వర్కరుగా కొత్తగా చేరిన మయూరి ఆ చలిపొద్దున సిద్ధరాములు మనవరాలిని చూడడానికి వచ్చింది. పసిబిడ్డల సంరక్షణ మీద ట్రైనింగ్ మొన్ననే ముగిసింది. అక్కడ నేర్చుకున్నదంతా ప్లాస్టిక్ బొమ్మ మీదే. బొమ్మను ఎంత వంకరగా పట్టుకున్నా నోరెత్తదు. ఈ పాప నెలలు నిండకుండా పుట్టింది.

"ఇప్పుడే నీళ్లు పోసిన తాయీ," అంది నానమ్మ సుందరాబాయి సంబరంగా. పాపను పల్చటి పాతచీర గుడ్డలో చుట్టి చాప మీద పడుకోబెట్టింది.

అప్పుడే మగ్గం నెమ్మదించింది.

సిద్ధరాములు గబగబా మగ్గం గుంటలోకి దిగాడు. "పోగు చిక్కిందేమో," అంటూ పోగు నడిపే నాడె తీసి చూశాడు, నూనె పెట్టాడు. సుందరాబాయి, బాలింత ప్రతీక్ష కూడా అటే చూస్తున్నారు. మయూరీ చూసింది. అంతలో తేరుకుని పాప పాదం పట్టుకుంది. చల్లగా ఉంది.

"తాతా, మగ్గానికేం గాలే! పాపను సూడుండ్రి!"

పాప తడితల తుడిచి టోపీ తొడిగింది. గుడ్డ విప్పి, ప్రతీక్ష ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ముల మధ్య ఆనించి, ఇద్దరి మీదా దళసరి చద్దరు కప్పింది. వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేసింది.

టక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్. ఇంకొకటి.

సుందరాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పెద్దబిడ్డ పోయిన్నాడు గూడ ఈయన పొద్దంత మగ్గమే బాగుజేసిండు," అని ఏడ్చింది.

అంబులెన్స్ వచ్చినా సిద్ధరాములు గుంటలోంచి లేవలేదు. "మీరు పోండ్రి. ఈడ నేనుంట. ఆగితే ఫోన్ జేస్త."

ఆస్పత్రిలో పాపను లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. బయట బల్ల మీద ప్రతీక్ష, మయూరి పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో ఫోను. పొద్దుగూకే వేళ అది మోగింది. తెర మీద తాత పేరు కనబడింది. మయూరి ఎత్తింది.

ముసలాయన అక్కడ ఫోన్‌ను మగ్గానికి దగ్గరగా పెట్టాడు. టక్, టక్, టక్.

మయూరి ఫోన్‌ను ప్రతీక్ష చెవికి ఆనించింది. ఆమె కళ్లు మూసుకుని వింటూ, పాలకు తడిసిన రవిక మీద కొంగు లాక్కుంది.