మూత పెట్టని జిగురు కుండ

కర్నూలు పాతబస్తీలో జమాల్ బాషా పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. కలెక్టరు కచేరీ దస్త్రాలు మొదలు పిల్లల వాచకాల దాకా ఆయన చేతికే వచ్చేవి. ఒక ఎండాకాలం కృపమణి ఒక పాత పుస్తకం తెచ్చింది. చనిపోయిన ఆమె భర్త ఏసేపు తన చేత్తో రాసుకున్న ప్రార్థన పాటలవి. ఆకులన్నీ విడిపోయి ఉన్నాయి.

"ప్రార్థన కూటంలో పాడాల బాషన్నా. ఆయన గుర్తు ఇదొకటే ఉండాది. జాగ్రత్తగా చేసియ్యి."

"నాకొదిలెయ్ మ్మా" అన్నాడు.

ఆ పని చేతికి తీసుకున్ననాడు చూస్తే, మైదా జిగురు కుండ మూత లేకుండా కిటికీలో ఎండకు ఉంది. కుంచె అందులోనే వదిలేశాడు. పైన ఎండి చెక్కు కట్టింది. కింద పుల్లటి వాసన. భార్య జైనాబ్ బీ ముక్కు మూసుకుంది.

"ఇది చెడిపోయుండాది. పారబోసి కొత్తది ఉడకబెట్టు. పొయ్యి నేను ముట్టిస్తా."

"ఈ ఎండలో పొయ్యి కాడ కూచునేదెవరు? వేన్నీళ్ళు కలిపితే అదే దారికొస్తాది."

చెక్కు గీకేసి, ఆ జిగురే రాశాడు. అట్ట ముచ్చటగా కుదిరింది. కృపమణి పుస్తకాన్ని కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

వానలు మొదలయ్యాక మళ్ళీ వచ్చింది. కొంగులో అట్ట ఒక పక్క, ఆకులు ఒక పక్క. అంచుల నిండా బూజు, పురుగు తిన్న బొక్కలు. కొన్నిచోట్ల ఏసేపు రాసిన అక్షరాలే లేవు. కూటంలో పాడదామని తెరిస్తే అందరి ముందరా ఆకులు నేల రాలాయట.

చూడగానే జమాల్ బాషాకు తెలిసిపోయింది. అయినా నోట వేరే మాట వచ్చింది.

"తేమ తగిలే చోట పెట్టినావేమో మ్మా."

"పెట్టెలోనే పెట్టింటి... నా తప్పే అయ్యుంటాదిలే. నీ కష్టం పాడు చేసినా, ఏమనుకోవద్దన్నా" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తలుపు చాటున జైనాబ్ బీ అంతా విన్నది. అన్నం పెట్టి లోపలికి పోయింది. ఆయన కంచం పక్కకు జరిపి లేచాడు.

మర్నాడు కొత్త జిగురు ఉడికించి, కుండతో కృపమణి ఇంటికి పోయాడు. అక్కడ పక్కింటామె మందలిస్తోంది. "మొగుని గుర్తు కూడా దాచుకోలేకపోతివే!" కృపమణి తల వంచుకుని వింటోంది.

"తప్పు ఆయమ్మది కాదు" అన్నాడు జమాల్ బాషా గడపలోంచే. "చెడిపోయిన జిగురు రాసినా. తెలిసే రాసినా. నిన్న అబద్ధమాడినా." చెయ్యి చాపాడు. "పుస్తకం ఇయ్యి మ్మా, మళ్ళీ కడతా."

కృపమణి విడిపోయిన ఆకులను దగ్గరికి తీసుకుంది.

"వద్దన్నా. నేనే అతికించుకుంటా. ఆ కుండ ఆడ పెట్టు."

పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక జాగ్రత్తలు చెప్పసాగాడు. "పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపినా, విషం, నోటికి తగలనీయద్దు. కావాల్సినంత వేరే గిన్నెలోకి తీసుకో. మిగిలింది మళ్ళీ ఇందులో కలపొద్దు. కుంచె ఇందులో వదలొద్దు. మూత పెట్టి, తడిగుడ్డ కట్టి నీడన పెట్టు. పులుపు వాసనొస్తే పారబొయ్యి."

"ఇంత తెలిసుండీ ఎట్ల చేసినావన్నా?"

కోపంతో అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

జమాల్ బాషా వీధిలోకి దిగాడు. కాళ్ళకు బురద తగిలాక గానీ, చెప్పులు ఆమె గడప దగ్గరే వదిలేశానని తెలియలేదు. వెనక్కి పోయే ముఖం లేక వట్టికాళ్ళతోనే ఇంటిదాకా నడిచాడు.