రెండు ఎడమ రెక్కలు

శుక్రవారం పొద్దున అచ్చు విప్పి రెక్కను బయటికి తీశాను. అంచులు రుద్ది నా బొమ్మ విమానం పక్కన పెట్టి చూస్తే నాకు మొదట వచ్చింది కోపం కాదు, నిద్ర. దాన్ని అక్కడే వదిలేసి బెంచీ మీద తల వాల్చాలనిపించింది. కోపం కాసేపటికి వచ్చింది, వచ్చాక పోలేదు.

నాకు కావలసింది కుడి రెక్క. చేతిలో ఉన్నది ఎడమ రెక్క.

నేను మిర్యాలగూడలో కట్టుడు పళ్లు చేస్తాను. డాక్టర్లు నోటి కొలత తీసి పంపితే అందులో ప్లాస్టర్ పోసి దవడ తయారు చేస్తాను. దాని మీద మైనంలో పళ్లు నిలబెడతాను. తర్వాత ఆ మైనం కరిగించి, మిగిలిన ఖాళీలో అక్రిలిక్ కూరి ఉడికిస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అచ్చులో ఏది ఉంటే అదే బయటికి వస్తుంది, ఆ నమ్మకం మీదే నా బతుకంతా నడిచింది. పళ్లేమో కంపెనీ నుంచి సెట్లుగా వస్తాయి, ఎడమవి ఎడమవిగా, కుడివి కుడివిగా. ఎడమదాన్ని చూసి కుడిదాన్ని చేయవలసిన అవసరం నా చేతులకు ఎప్పుడూ రాలేదు.

అందుకే ఎడమ రెక్క బాగా కుదిరిందని, అదే అచ్చులో రెండోది కూడా పోశాను.

ఆ విమానం పేరు గిజిగాడు. వందేళ్ల కిందటి యుద్ధాల్లో తిరిగిన రకం, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, మధ్యలో కర్రలు, తీగలు. కాకపోతే అలాంటి విమానం ఎక్కడా లేదు. దాన్ని నడిపిన దేశమూ లేదు. దేశం, యుద్ధం, విమానాన్ని గీసిన ఇంజనీరు, అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో నేను రాసుకున్నవే. ఉన్న విమానాన్ని చేస్తే ఎవరో ఒకరు ఫొటో తెచ్చి ఇది ఇలా ఉండదంటారు. లేనిదానికి ఆ భయం లేదనుకున్నాను. ఇప్పుడు ఎవరూ ఏమీ అనకముందే అది తప్పని నాకే కనిపిస్తోంది.

కింది వరసను ఒకే ముక్కగా ముందే చేసి బిగించాను. పై వరసలో ఆ ఒక్క ఎడమ రెక్కను మైనంలో చెక్కడానికే నాలుగు నెలలు పట్టింది. లోపలి పుల్లల మీద గుడ్డ బిగిస్తే ఎక్కడ ఉబ్బుతుందో, ఎక్కడ పల్లమవుతుందో అంతా కనిపించేలా చెక్కాను. పైభాగం వంపు, కిందిభాగం చదును, ముందు అంచు మందం, వెనక అంచు పలుచన. దాన్ని కుడివైపు పెట్టాలంటే రెండే దారులు. ముందుది వెనక్కి పోవాలి, లేదా పైది కిందికి పోవాలి.

ఆదివారం సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాల్లో చేతిపని బొమ్మల పోటీ ఉంది. పూర్తయినవే పెట్టాలని కార్డు మీద అచ్చు వేశారు. నాకు బహుమతి మీద ఆశ లేదు. నలభై ఏడేళ్లలో నా సొంతానికి మొదలుపెట్టినది ఒక్కటీ ముగించలేదు. పళ్ల సెట్లు ముగుస్తాయి, ఎందుకంటే అవి వేరేవాళ్ల నోటికోసం. ఈ ఒక్కటి ముగిస్తే చాలనుకున్నాను.

సాయంత్రం నా భార్య ఉషారాణి వేములపల్లి బడి నుంచి వచ్చి, చేతిసంచి కూడా దించకుండా గుమ్మంలోనే ఆగింది.

"ఏంది, మొఖం గట్ల పెట్టినవ్? ఎవరి పళ్లన్న పలిగినయా?"

"రెక్క తప్పొచ్చింది."

రెండు రెక్కలూ చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "రెండూ ఎడమ కాలి చెప్పులే కొనుక్కొచ్చినట్టుందయ్యా."

"నవ్వకు."

"నవ్వక ఏడ్వమంటవా? ఇగ ఆదివారం పోవు, నాకు ఎర్కే. ఓడకేమో తెరచాప కుదరలేదంటివి. రైలింజనుకు చక్రం సక్కగ లేదంటివి. నీకు ఆఖరికొచ్చేసరికి ఏదో ఒకటి ఇరుగుతది."

"నేను కావాలని ఇరగ్గొట్టలే."

"నేను గట్ల అన్లే. నువ్వే అంటున్నవ్." సంచి మేకుకు తగిలించి లోపలికి వెళ్లింది.

ఆ మాట పంటి సందులో చిక్కిన పీచులా ఉండిపోయింది. చేతి పొరపాటు అని నేననుకున్నది నిజంగా చేతిదేనా? అచ్చులో అక్రిలిక్ కూరేటప్పుడు ఎక్కడో ఒక క్షణం తెలిసే ఉంటుంది కదా. ఆ క్షణాన్ని వెతికాను, దొరకలేదు. దొరకనందుకు ఇంకా చిరాకు పుట్టింది.

శనివారం మధ్యాహ్నం దాకా ఆ రెక్కతో కుస్తీ పట్టాను. మరిగే నీళ్లలో ముంచి మెత్తబరిచి వంపును తిప్పాలని చూశాను. వేళ్లు కాలాయి, రెక్క మాత్రం ఒక్క వెంట్రుక వాసి కదల్లేదు. కొత్తది చెక్కాలంటే, ఈసారి ఎంత తొందరపడ్డా, తక్కువలో తక్కువ మూడు వారాలు. చివరికి వంపు కిందికి, చదును పైకి వచ్చేలా తిరగేసి, పై వరస మధ్య ముక్కకు అక్రిలిక్‌తోనే అతికించేశాను. పళ్ల క్లిప్పులకు వాడే సన్నతీగ బిగించి రంగు వేశాను. ఎడమ రెక్క నిజం విమానంలోంచి ఊడివచ్చినట్టుంది. కుడిది మాత్రం పడుకోబెట్టిన దోనెలా ఉంది.

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నోటుబుక్కులో రెండేళ్ల కిందటి పేజీల మధ్య కొంత ఖాళీ ఉంది. అక్కడ పాత తేదీ వేసి ఇలా రాశాను: 'ఇంజను తిరిగే విసురుకు ముక్కు ఒక పక్కకే లాగుతోందని పైలట్లు మొత్తుకుంటున్నారు. విరుగుడుగా ఇంజనీరు కుడి పై రెక్కను తిరగేశాడు.' చదువుకుంటే నిజమే అనిపించింది. అంత త్వరగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు.

ఆదివారం బస్సులో అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి సూర్యాపేట వచ్చేదాకా, "కేకా? ఎవరి పుట్టినరోజు?" అని నాలుగుసార్లు అడిగాడు. నాలుగోసారి అవునన్నాను.

హాల్లో పాతిక టేబుళ్లు వేశారు. నా పక్క టేబుల్ జమునది. ఆర్టీసీ కండక్టరు, ముప్పై ఏళ్లుంటాయి. అట్టతో పల్లెవెలుగు బస్సు చేసుకొచ్చింది. కిటికీ ఊచలు, వెనక నిచ్చెన, వైపరుకు విరిగిన కొస కూడా ఉన్నాయి.

బొమ్మలను చూసి మార్కులు వేయడానికి వచ్చినాయన పేరు సుధాకర్. కోదాడలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. నా టేబుల్ ముందు వంగి, కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఈ కుడి రెక్క తిరగబడి ఉందేంటండీ?"

నోటుబుక్కు తెరిచి ఆ పేజీ చూపించాను. ఆయన పెదవులు కదుపుతూ చదివాడు. పక్క టేబుల్ నుంచి జమున కూడా మెడ చాచి ఆ పేజీ చూసింది.

"అబ్బ! ఎంత ఆలోచనండీ ఇది. అందరూ ఉన్నదాన్ని చూసి దింపేస్తారు. మీరు ఇంజనీరు బుర్రతో ఆలోచించారు." పక్కవాళ్లను చెయ్యి ఊపి పిలిచాడు. "ఇటు రండి, ఈ రెక్క చూడండి. కాదు, అది కాదు, ఇదిగో ఇది."

వచ్చినవాళ్లందరూ ఆ దోనెనే చూశారు. ఫొటోలు కూడా దానికే. నాలుగు నెలల ఎడమ రెక్క వైపు ఒక్కరూ తలతిప్పలేదు. ఒకాయనైతే దానికి మోచెయ్యి తగిలేలా నిలబడ్డాడు.

వాళ్లు వెళ్లాక జమున స్కేలు, ఫోను పట్టుకుని వచ్చింది.

"అన్నా, నీ కొలతలు జర రాసుకోనా? బస్సులు చేసి చేసి ఇసుగొచ్చింది. గీ తిరగేసిన రెక్కతోనే ఒకటి చేస్త."

"మామూలు రెక్కతో చెయ్యమ్మా."

"గట్లయితే అన్నిట్ల లెక్కనే అయితది గదా. గీ రెక్కనే దీని సంగతి." అప్పటికే స్కేలు పెట్టి ఫొటో తీస్తోంది. నా తప్పును ఇంకొక మనిషి మిల్లీమీటర్లతో సహా దింపుకుంటోంది.

"వద్దమ్మా, అది తప్పు."

"ఏది?"

"ఆ రెక్క. రెండూ ఎడమవే. ఒక్క అచ్చులోనే రెండూ పోసిన."

ఆమె ఫోను దించింది. "మరి సారుకు గట్ల సెప్పినవ్?"

"సెప్పిన."

"బుక్కుల రాసిందో?"

"నిన్న రాసిన."

"వామ్మో! పాత తారీకు ఏసి మరీనా?" కాసేపు నవ్వి, నా మొహం చూసి ఆపింది. "అయితే ఏమైతదన్నా? లేని ఇమానమే గదా. దానికి తప్పేంది, ఒప్పేంది?"

రెండేళ్ల కిందట నేను నాకు చెప్పుకున్న మాటే అది. అప్పుడు ఎంతో ఊరట ఇచ్చింది. ఇప్పుడు ఆమె నోట వింటుంటే ఒళ్లు మండింది. విమానం లేకపోవచ్చు. ఎడమ రెక్క ఉంది. అది ఎలా ఉండాలో నాకు తెలుసు, నాలుగు నెలలు తెలుసు.

సుధాకర్ భోజనం ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన నవ్వాడు. "భలేవారే. ఇంత అణకువ పనికిరాదండీ."

"అణకువ కాదు సార్. అది నిజంగనే తప్పు."

"తప్పయితే దానికి ఇంత లెక్క ఎలా కుదురుతుందండీ? వెళ్లి భోంచేయండి, పప్పు బాగుంది."

తిరిగి వచ్చి కటింగ్ ప్లయర్‌తో తీగలు తెంచడం మొదలుపెట్టాను. జమున వచ్చి విమానం తోకను కదలకుండా పట్టుకుంది. తీగలన్నీ ఊడాయి. రెక్క ఊడలేదు. నా పనితనమంతా ఆ అతుకులోనే ఉన్నట్టుంది. ఊపి చూశాను, మెలితిప్పి చూశాను. లోపల ఎవరో సంతోషపడుతున్నట్టు కూడా అనిపించింది, మళ్లీ ముగించకుండా తప్పించుకున్నావని. అది నిజాయితీయో, నా పాత రోగమో విడదీసి చూసే ఓపిక నాకు లేదు. ఈ రెక్క మాత్రం ఇక్కడ ఉండకూడదు.

"రంపం బ్లేడున్నదా?" అడిగాను.

జమున తన డబ్బా వెతికి ఇచ్చింది. మధ్య ముక్క దగ్గర పెట్టి కోయసాగాను. కీచుమనే ఆ చప్పుడుకు హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. సుధాకర్ ప్లేటుతోనే పరుగున వచ్చాడు.

"అయ్యయ్యో, ఏంటండీ ఇది? మొదటి బహుమతికి రాసేశానండీ! పూర్తి కానిదానికి ఎలా ఇస్తాను?"

"రాయకున్రి సార్."

"అంటే మీరు చెప్పింది నిజమేనా?"

నేను కోత ఆపలేదు. బ్లేడు ఇంకా సగంలోనే ఉంది.