ఎవరూ పెట్టమనని చీటీ

నేను ఒక చీటీని. కాగితం చీటీని కాను, కంప్యూటర్‌లో ఫైలు వెనకాల అంటుకుని ఉండే చీటీని. ఫైలు తెరిచినవాళ్లకు నేను కనిపించను. దాన్ని ఎవరు ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో చెప్పడమే నా పని.

నా ఊరు విశాఖపట్నం. రుషికొండ మీద ఒక చిన్న కంపెనీ సర్వరులో ఉంటాను. ఆసుపత్రుల స్కానింగ్ బొమ్మలను నెట్‌వర్క్ మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే సాఫ్ట్‌వేర్‌ను అక్కడ తయారుచేస్తారు. బొమ్మ వెనకాల రెండు చీటీలు వెళ్లాలి: రోగి పేరు ఒకటి, ఆ మనిషికి పడని మందు పేరు ఇంకొకటి. అవి సరిగ్గా చేరుతున్నాయో లేదో పరీక్షించే ప్రోగ్రాం రాసే బాధ్యత నీలవేణిది.

ఫైలు మా సర్వరులో అడుగుపెట్టగానే, ఇక్కడి కాపలా ప్రోగ్రాం నన్నూ దానికి అంటించేస్తుంది. ఎవరినీ అడగదు. కలిసి ప్రయాణం చేసినవాళ్ల మధ్య గుమ్మం దగ్గర చేరిన పరాయిదాన్ని నేను.

నన్ను చూడగానే పరీక్ష ఆగిపోయేది. తెర మీద ఎర్ర అక్షరాలు: అనుకోని చీటీ ఉంది. ఆ తర్వాత ఏముందో చూసేదే కాదు. ఆఫీసులో అందరూ, "మళ్లీ ఆ దిక్కుమాలిన చీటీయే" అని విసుక్కునేవారు. అంతమంది తలుచుకునే నాతో ఒక్కరికీ పనిలేదు.

సాఫ్ట్‌వేర్‌ను ఆసుపత్రికి అప్పగించే రోజు దగ్గరపడింది. టీమ్ పెద్ద సన్యాసిరావు నీలవేణి కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏటమ్మా, ఇంకా ఎరుపేనా? ఆ పరీక్ష తీసి పారెయ్. మనం పెట్టిన చీటీ కాదు కదా అది."

"వద్దు సార్. కొన్ని సర్వర్లలో అదుంటాది, కొన్నిట్లో ఉండదు. మనం పెట్టినవి వచ్చేయో లేదో అదొక్కటే అడుగుదాం. మిగతావి ఉంటే ఉండనీండి."

ఆమె పరీక్షను తిరగరాసింది. ఈసారి అది నా దగ్గర ఆగలేదు. నన్ను దాటి వెళ్లింది. అయినా ఎర్ర అక్షరాలే వచ్చాయి.

నీలవేణి ముందుకు వంగింది. "సార్, మందు చీటీ రానేలేదు!"

రోగి పేరు ఇంగ్లీషులో ఉంది కాబట్టి చేరింది; తెలుగులో రాసిన చీటీని మాత్రం ఆ సాఫ్ట్‌వేర్ దారిలోనే వదిలేస్తోంది. పడని మందు పేరు ఏ డాక్టరుకూ చేరదు. నా పక్కన ఆ చోటు ఇన్నాళ్లూ ఖాళీగానే ఉందని నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

సన్యాసిరావు ఆ ఎర్ర అక్షరాలు తనే ఒకసారి చదివాడు. "తీసెయ్యమన్నాను కదమ్మా నేను," అన్నాడు మెల్లగా. ఆసుపత్రికి ఫోన్ చేసి గడువు అడగడానికి బయటికి నడిచాడు.

తప్పు సరిదిద్దారు. ఎర్ర అక్షరాల చోట ఆకుపచ్చవి వచ్చాయి. నీలవేణి కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆసుపత్రిలో ఇప్పుడు బొమ్మ వెంట ఆ రెండు చీటీలూ చేరుతున్నాయట.

ఇప్పుడు నన్నెవరూ తిట్టరు. అసలు తలుచుకోరు. రోజూ పరీక్ష వస్తుంది, నన్ను చూస్తుంది, పక్కనుంచి వెళ్లిపోతుంది. నా గురించి నీలవేణి ప్రోగ్రాంలో రాసిపెట్టిన మాట ఒక్కటే: "ఇది ఉండొచ్చు, ఉండకపోవచ్చు."

ఉన్నాను.