ఇసుక మూట కూర్చున్న సీటు

ఆ రైలు ఇంకా జనానికి తలుపులు తెరవలేదు. నగరం నడిబొడ్డు నుంచి విమానాశ్రయానికి కన్ను మూసి తెరిచేలోగా చేర్చే రైలు అని ఊళ్లో గోడలన్నిటి మీదా బొమ్మలు వేశారు గానీ, ప్రస్తుతానికి అందులో తిరుగుతున్నవి ఇసుక మూటలు. నిండా జనం ఎక్కితే ఎంత బరువుంటుందో అంత బరువుతో నడిపి చూడాలి కదా! అందుకని సీటుకొకటి చొప్పున మూటలు పెట్టి, బ్రేకు వేసినప్పుడు దొర్లిపోకుండా బెల్టులతో బిగించారు. కిటికీ పక్కన కొన్ని, నడవ పక్కన కొన్ని, పెళ్లికి బయలుదేరిన చుట్టాల్లా దర్జాగా కూర్చున్నాయి.

పాఠకులారా, ఆ రైలు పెట్టెలోనే మనుషులు కూడా ఉన్నారు. వాళ్లు నిలబడి ఉన్నారు.

వాళ్లు పెట్టెలు శుభ్రం చేసే ఆడవాళ్లు. మూటల నుంచి రాలిన ఇసుక ఊడ్చి, అద్దాలు తుడిచి, విమానాశ్రయం స్టేషన్లో మళ్లీ అదే పని చేయాలి. అందుకని రైలుతోపాటే వెళ్లి రైలుతోపాటే వస్తారు. దారి పొడవునా కడ్డీలు పట్టుకుని వేలాడవలసిందే. మూటలు రాకముందు, సీట్లన్నీ ఖాళీగా ఉన్న రోజుల్లోనూ ఇదే వరస. ఎవరి నడుమైనా సీటుకు ఆనిందంటే సూపర్‌వైజరు మెడలోని ఈల కుయ్యిమనేది. "కొత్త సీట్లమ్మా, మాసిపోతాయి" అనేవాడాయన. ఆ సీట్లను రోజూ తుడిచేది ఎవరో ఆయనకు గుర్తుకు రాలేదు.

ఆ గుంపులో ఒక అత్తా కోడలూ ఉన్నారు. అత్త తోటివాళ్ల తగవులన్నీ అక్కడికక్కడే తీర్చేస్తుంది కాబట్టి అందరూ ఆమెను జడ్జమ్మ అంటారు. కోడలు నిండు చూలాలు. రైలు తెరిచే నాటికి పనిలో ఉన్నవాళ్లకే ఉద్యోగం ఖాయమవుతుంది. ఖాయమైతేనే కాన్పుకు జీతంతో సెలవు దొరుకుతుంది. అందుకే ఆ పిల్ల కాళ్లు వాచినా, కళ్లు తిరిగినా పెదవి విప్పకుండా నెట్టుకొస్తోంది.

ఆ రోజు బ్రేకు పరీక్ష. రైలు ఊపందుకుని ఒక్కసారిగా ఆగేసరికి, మూటలు ఉన్నచోటనే ఉన్నాయి. కోడలి చెయ్యి మాత్రం కడ్డీ మీద నుంచి జారిపోయింది. పక్కనున్న ఇద్దరు గబుక్కున పట్టుకోబట్టి సరిపోయింది గానీ, పిల్ల ముఖం పాలిపోయి చెమటతో తడిసిపోయింది.

జడ్జమ్మ అటూ ఇటూ చూడలేదు. దగ్గర్లోని సీటు బెల్టు ఊడదీసింది.

"చూస్తారేంటే? తలో చెయ్యీ వెయ్యండి!"

మూట నేల మీదికి దిగింది. కోడలు సీట్లోకి చేరింది.

రైలు మళ్లీ కదిలింది. ఇన్నాళ్లూ నిలబడ్డ ఆ పిల్లకు కిటికీలోంచి గట్టు మీది కంకర తప్ప ఏమీ కనబడలేదు. ఆ కిటికీలు కూర్చున్నవాళ్ల కళ్ల కోసం పెట్టినవి. ఇప్పుడు ఇళ్ల కప్పులు, ఆరేసిన బట్టలు, వాటి పైన దిగుతున్న విమానం, అన్నీ ఒక్కసారే కనబడ్డాయి.

"అత్తయ్యా, మనం తుడిచే అద్దంలోంచి ఇంత కనబడుతుందా!" అంది నీరసంగానే, నవ్వుతూ.

ఈల మోగింది. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"ఎవరు తీశారు ఆ మూట?"

"నేనే" అంది జడ్జమ్మ.

"పరీక్షంతా పాడుచేశావ్! బరువు తేడా వచ్చేసిందిప్పుడు!"

"ఎక్కడికి పోతుంది సార్? మూట నేల మీదుంది, పిల్ల సీట్లో ఉంది. మరీ అనుమానంగా ఉంటే మీరు దిగండి, సరిపోతుంది."

ఆడవాళ్లు పైటకొంగుల్లేని యూనిఫారాల్లో నవ్వు దాచుకోలేక ముఖాలు తిప్పుకున్నారు. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"నవ్వండి, నవ్వండి! స్టేషను రానీ, చీఫ్ మేడమ్‌నే తీసుకొస్తా. మీరిద్దరూ యూనిఫారాలు అప్పజెప్పి ఇంటికి పోదురుగాని."

కోడలు లేవబోయింది. "వద్దత్తయ్యా, ఉద్యోగం పోతుంది."

"కూర్చో అమ్మాయ్. పోతే ఇద్దరికీ పోతుంది. ఒకరికొకరం తోడుంటాంగా."

స్టేషను రాగానే, అన్న మాట ప్రకారం ఆయన చీఫ్ ఇంజనీరును వెంటబెట్టుకొచ్చాడు. నెరిసిన జుట్టు, చేతిలో హెల్మెట్టు, మాట తక్కువ మనిషి. ఆమె నేల మీది మూటనూ, సీట్లోని పిల్లనూ, చుట్టూ నిలబడ్డవాళ్లనూ చూసింది.

"బ్రేకు వేసినప్పుడు వీళ్లంతా ఎక్కడున్నారు?"

"కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు మేడమ్. వీళ్లు కూర్చోకూడదు కదా."

"ఆ రూలు ఎవరు పెట్టారు?"

ఆయన తడబడ్డాడు. "ఎవరని చెప్పను మేడమ్... ఎప్పట్నుంచో ఉన్నదే."

"రైలే ఇంకా మొదలవలేదయ్యా! ఎప్పట్నుంచో ఎలా ఉంటుంది?"

ఆమె గొంతు మెత్తబడింది.

"ఇసుక మూట దొర్లిపోతుందని దగ్గరుండి బెల్టులు కట్టించాను. రోజూ ఈ పెట్టెల్లో తిరుగుతూ వీళ్లు నిలబడి ఉండటం చూసి కూడా, వీళ్లూ పడిపోతారని నాకు తోచలేదు. పట్టాలు కొత్తవి, పెట్టెలు కొత్తవి. ఈ పాత బుద్ధిని మాత్రం మనమే మోసుకొచ్చి ఎక్కించాం. దించేద్దాం. పెట్టెకో వరస మూటలు తీసెయ్యండి. రేపటి నుంచి ఆ సీట్లలో వీళ్లు కూర్చుంటారు. తలుపులు తెరిచాక కూడా, ఖాళీ ఉన్న ఏ సీటైనా వీళ్లదే. ఎవరి ఉద్యోగమూ పోదు." వెళ్లబోతూ సూపర్‌వైజరు వైపు తిరిగింది. "మీరూ కూర్చోండి. మీరెప్పుడైనా కూర్చున్నారా ఇందులో?"

లేదు. పాపం, ఆ ఈలాయన కూడా ఇన్నాళ్లూ నిలబడే ఉన్నాడు. సీటు అంచున బెరుగ్గా ఆనుకుని, మోకాళ్లు రుద్దుకుంటూ, "మెత్తగానే ఉంది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వు దాచుకోలేదు.

రైలు జనానికి తలుపులు తెరిచిన రోజున బ్యాండు మోగింది, పూలు చల్లారు, ప్లాట్‌ఫారం కిక్కిరిసిపోయింది. ఉద్యోగం ఖాయమైన కోడలు కాళ్ల దగ్గర బకెట్టు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. పక్కనే అత్త. పెద్ద పెట్టె లాక్కుంటూ టై కట్టుకున్న ప్రయాణికుడొకడు వచ్చి వాళ్ల ఎదుట ఆగాడు. అతని చూపు యూనిఫారాల మీద పడింది. అలవాటు కొద్దీ కోడలు సగం లేచింది. జడ్జమ్మ మణికట్టు పట్టి కూర్చోబెట్టింది.

"ఏం బాబూ?"

"ఏం లేదమ్మా. ఆ బకెట్టు కాస్త జరుపుతారా? నా పెట్టె పెట్టుకుంటాను."

కోడలు బకెట్టు జరిపింది. అతను పెట్టె పెట్టి, ఎదురు సీట్లో కూలబడి, హాయిగా ఊపిరి వదిలాడు. బకెట్టు, పెట్టె ఒకదానికొకటి ఆనుకుని విమానాశ్రయం దాకా వెళ్లాయి.

నగరానికి ఆకాశం దగ్గరైందని మర్నాడు పత్రికలు రాశాయి. నిజమే, గర్వపడదాం. కానీ పాఠకులారా, పక్కవాడికి కూర్చునే చోటు ఇచ్చిన రోజే ఏ రైలైనా నిజంగా బయలుదేరినట్టు.