ఓక్ చెట్టుకు కట్టిన పీలిక

నేను ఒక గుడ్డ పీలికను. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదాన్ని. ఇప్పుడు నా రంగేమిటో నేనే చెప్పలేను.

కుర్దుల కొండపల్లెకు గులిజార్ పెళ్లి గౌనుగా వచ్చాను. కూతురు బెసే పుట్టాక గులిజార్ నన్ను కత్తిరించి ఆ పిల్లకు గౌను కుట్టింది. తిన్న మల్బరీ పళ్ల రసమంతా బెసే నా మీదే తుడిచేది. ముద్దులు దానికి, ఉతుకుడు నాకు.

బెసేకు ఆరో ఏట జ్వరం పట్టుకుంది. మంచు పడి పట్నం దారి మూసుకుపోయింది. ఊరి చివర పీరు సమాధి పక్కన ఓక్ చెట్టు ఉంది. దాని రెమ్మ విరవడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలదు. రోగి బట్ట చింపి దానికి కడితే రోగం చెట్టుకు పోతుందట. ఆ ముడి ఎవరైనా విప్పితే వాళ్లకు అంటుకుంటుందట. చెట్టుకు ఇష్టమేనా అని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

గులిజార్ కూతురి గౌను అంచు నుంచి నన్ను చర్రున చింపి ఆ చెట్టుకు కట్టింది. వారం గడిచినా జ్వరం దిగలేదు. ఎనిమిదో రోజు మంచులో పడుతూ లేస్తూ వచ్చి నా ముడి మీద చెయ్యి వేసింది. వెనకే ఆమె అత్త జరీఫే రొప్పుతూ వచ్చింది.

"విప్పకే, నా తల్లీ. అది నీకు అంటుకుంటుంది."

"అంటుకోవాలనే అత్తా. చెట్టు తీసుకోనంటోంది. నాకే ఇమ్మను."

గడ్డకట్టిన ముడి వేళ్లకు లొంగలేదు. పళ్లతో విప్పింది. నన్ను మణికట్టుకు చుట్టుకుని, కూతురి పక్కన పడుకుని జ్వరం కోసం ఎదురుచూసింది. మూడో రోజు పొద్దున బెసే "దాయే" అంది. వాళ్ల భాషలో అమ్మా అని. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఏమీ అనలేదు.

గులిజార్‌కు ఏమీ కాలేదు. కనీసం తుమ్మైనా రాలేదు. అంటుకుంటుందని ఊళ్లో ఆడవాళ్లు నెల రోజులు ఆమెకు దూరంగా మసిలారు. ఆమె మాటిమాటికీ తన నుదురు తాకి చూసుకునేది. చల్లగా ఉండేది. ఆ చల్లదనాన్ని ఆమె క్షమించలేకపోయింది. నన్ను నేనూ క్షమించుకోలేదు. ఆ పిల్ల చెమటంతా పీల్చుకున్నాను, జ్వరం మాత్రం మొయ్యలేకపోయాను.

నలభై ఏళ్లు ఆమె దిండు గలీబులోనే ఉన్నాను. మొన్న చలికాలంలో గులిజార్‌కు నిజంగానే జ్వరం వచ్చింది. కోడలు మందుబిళ్ల ఇవ్వబోతే వద్దంది. గలీబులో చెయ్యి పెట్టి నన్ను వెతికి తీసి, కాలిపోతున్న నుదుటికి ఆనించుకుంది.

"ఇప్పుడా వచ్చేది?" అంది.